శ్రమదినాల మూడో వారం: మాటలు వస్తున్నాయి, మనసు రావడం లేదు

కోట_కూడలి
విజయనగరం నుంచి రాస్తున్నాను. ఈ ఏడాది, అంటే 2026లో, ఫిబ్రవరి 18న శ్రమదినాలు (ఈస్టరుకు ముందు వచ్చే నలభై రోజుల ఉపవాస ప్రార్థనల కాలం) మొదలయ్యాయి. మొదటి వారం తెల్లవారకముందే లేచి, బైబిలు చదివి, మోకరించి ప్రార్థన చేసుకుంటే రోజంతా మనసు తేలికగా ఉండేది. ఇప్పుడు మూడో వారం. లేస్తున్నాను, చదువుతున్నాను, మోకరిస్తున్నాను. నోట మాటలు వస్తున్నాయి, మనసు మాత్రం రావడం లేదు. నిరుడూ ఇంతే. అంతకు ముందు ఏడాదీ ఇంతే.

సాయంత్రం గృహ కూడికలకు వెళ్తే అక్కడ ఇంకో బాధ. ఎవరు ఎన్ని పూటలు ఉపవాసం ఉన్నారో చెప్పుకోవడానికే సమయం సరిపోతోంది. నేను ఒక పూట మానేస్తున్నానంటే "అంతేనా?" అన్నట్టు చూశారు.

ఈస్టరు నాటికి నాలో నిజంగా మార్పు రావాలని ఉంది. మా నాన్నతో నాకు చాలాకాలంగా మాటలు సరిగా లేవు. ఈ నలభై రోజుల్లో అది చక్కబడాలని ప్రార్థన మొదలుపెట్టాను. అదీ కదల్లేదు.

"విశ్వాసం పెంచుకో" అని మాత్రం చెప్పకండి, ఆ మాట ఇప్పటికే చాలామంది చెప్పారు. మనసు లేకుండా చేసే ప్రార్థన నటనే కదా? అలాంటప్పుడు ఆపేయడమే నిజాయితీ కాదా? చివరిదాకా నిలబడినవాళ్లు ఎలా నిలబడ్డారో చెప్పండి.

పలాస_జీడిపిక్క
నాదీ ఇదే పరిస్థితి. పగలంతా జీడిపిక్కల పని. ఇంటికి వచ్చి మోకరిస్తే ప్రార్థనకు ముందే నిద్ర వస్తోంది. ఎవరైనా జవాబు రాస్తే నేనూ చదువుకుంటాను.

చీపురుపల్లి_మాస్టారు
కోట కూడలి గారూ, మీరు చెప్పిన స్థితిని పదహారు వందల ఏళ్ల కిందటే ఒకాయన రాసి పెట్టారు. ఐగుప్తు (ఈజిప్టు) ఎడారిలో ఎవగ్రియస్ అనే సన్యాసి ఉండేవారు. క్రీ.శ. 399లో కన్నుమూశారు. ఏకాంతంలో ప్రార్థించేవారిని వేధించే తలంపులు ఎనిమిది రకాలని ఆయన గుర్తించారు. వాటన్నిటిలో మోయలేనంత బరువైనది ఈ నిరాసక్తతేనని చెప్పి, 91వ కీర్తనను తలచుకుని దాన్ని మధ్యాహ్న దయ్యం అన్నారు.

ఆయన చెప్పిన లక్షణాలు చూడండి. ఉదయం పది ప్రాంతంలో మొదలై మధ్యాహ్నం రెండు వరకు పీడిస్తుందట. సూర్యుడు ఆకాశంలో ఆగిపోయినట్టు, రోజుకు యాభై గంటలున్నట్టు అనిపిస్తుందట. సన్యాసి మాటిమాటికీ కిటికీలోంచి చూస్తాడు, ఎవరైనా సహోదరుడు వస్తాడేమోనని. ఎవరూ రాకపోతే, ఇక్కడివాళ్లలో ప్రేమే లేదని మనసు గొణుగుతుంది. ఈ చోటు వదిలి ఇంకో చోటికి పోతే దేవుణ్ణి ఇంకా బాగా సేవించవచ్చని నచ్చచెబుతుంది.

మీరు రాసిన రెండు ఫిర్యాదులూ ఇందులో ఉన్నాయి. ప్రార్థన ఎండిపోవడం ఒకటి, తోటివాళ్ల మీద విసుగు రెండోది. అవి రెండూ విడివిడి బాధలు కావని నా అభిప్రాయం.

ఆయన చెప్పిన మందు చాలా సాదా. గది వదలవద్దు. చేతికి ఏదో ఒక పని పెట్టుకో. కీర్తనలోని ఒక్క మాట పట్టుకుని పలుకుతూ ఉండు. ఈ పోరాటం దాటినవారికి గొప్ప శాంతి, సంతోషం కలుగుతాయని కూడా రాశారు. అది ఎన్నో రోజున వస్తుందో మాత్రం రాయలేదు.

ఇక నటన సంగతి. నటన అంటే చూసేవాళ్ల కోసం చేసేది. తెల్లవారుజామున మీ గదిలో చూసేవాళ్లు ఎవరున్నారు? మనసు రాని రోజు కూడా లేచి మోకరిస్తున్నారంటే, దేవుడు అక్కడ ఉన్నాడని నమ్మే కదా చేస్తున్నారు. దాన్ని ఆపవద్దు.

నాగావళి_గాలి
మాస్టారూ, యాభై గంటల రోజు మాకు బాగా తెలుసు. మా ఇంట్లో ఈ నలభై రోజులూ మాంసం, చేపలు మానేశాం. మనుషులం సర్దుకున్నాం గాని మా పిల్లి పక్కింటికి కాపురం మార్చేసింది. ఈస్టరుకు తిరిగి వస్తుందని పిల్లలు ఎదురుచూస్తున్నారు.

భావనపాడు_తెరచాప
చేపలు కూడా మానేయాలా? సముద్రం మీద బతికే మేం ఇంకేం తినాలి?

పాలకొండ_విచారణ
భావనపాడు అన్నా, కతోలిక సంఘంలో శుక్రవారాల్లో మానేది మాంసమే. చేపల మీద నిషేధం లేదు. తప్పనిసరి ఉపవాసం శ్రమదినాలు మొదలయ్యే విభూతి బుధవారం, పవిత్ర శుక్రవారం (గుడ్ ఫ్రైడే), ఈ రెండు రోజులే. అది కూడా 18 ఏళ్లు నిండినవారి నుంచి 60వ ఏడు మొదలయ్యే వరకే. ఒక పూట కడుపు నిండా, మిగతా రెండు పూటలు కొద్దిగా తినవచ్చు. జబ్బుగా ఉన్నవాళ్లకు, గర్భిణులకు మినహాయింపు ఉంది. అంతకు మించి చేసేదంతా ఎవరి ఇష్టం వారిది.

బొబ్బిలి_పెద్దాయన
నేను ఒప్పుకోని సంగతి ఒకటి చెబుతాను, ఎవరూ నొచ్చుకోవద్దు. నలభై రోజులు ఇలా ఉండాలని కొత్త నిబంధనలో ఆజ్ఞ ఎక్కడా లేదు. మాది బాప్టిస్టు సంఘం. కెనడా నుంచి వచ్చిన మిషనరీలు బొబ్బిలి, శ్రీకాకుళం, టెక్కలి వైపు సంఘాలు కట్టినప్పుడు వాక్యం, బాప్తిస్మం, ప్రభురాత్రి భోజనం నేర్పారు. పండుగల పట్టికకు పెద్ద పీట వేయలేదు. నా చిన్నతనంలో మా ఊళ్లో ఇన్ని శ్రమదినాల కూడికలూ లేవు.

1522లో స్విట్జర్లాండులోని జూరిక్ పట్టణంలో ఒక అచ్చాపీసు యజమాని ఇంట్లో కొందరు శ్రమదినాల్లోనే మాంసపు సాసేజీలు తిన్నారు. అక్కడ పెద్ద గొడవ అయింది. ఆ పట్టణంలోని బోధకుడు ఉల్రిక్ జ్వింగ్లీ వాళ్ల పక్షాన నిలిచి, ఏం తినాలో ఏం తినకూడదో విశ్వాసి స్వేచ్ఛకే వదలాలని ప్రసంగించాడు. రోమా పత్రిక 14వ అధ్యాయం చెప్పేది కూడా అదే. తినేవాడు ప్రభువు కోసం తింటాడు, మానేవాడు ప్రభువు కోసం మానతాడు, ఒకరినొకరు తీర్పు తీర్చకూడదు.

కోట కూడలి గారి కూడికలో పూటల లెక్క అడిగినవాళ్లు ఈ అధ్యాయం ఒకసారి చదవాలి. ఉపవాసం కొలతగా మారిన చోట ఆత్మ ఆరిపోతుంది.

పాలకొండ_విచారణ
పెద్దాయన గారూ, పూటల లెక్క విషయంలో మీతో నూటికి నూరు పాళ్లూ ఏకీభవిస్తాను. ఆజ్ఞ లేదు కాబట్టి అవసరం లేదంటే మాత్రం ఒప్పుకోలేను. ఆదివారం బడికీ ఆజ్ఞ లేదు, మనమంతా అక్కడ పెరిగినవాళ్లమే. మనిషి మరచిపోయేవాడు. ఏడాదికి ఒకసారి సంఘమంతా కలిసి గుర్తు చేసుకునే కాలం లేకపోతే, నేనైతే ఈస్టరు ముందు రోజు కొత్త బట్టల గురించే ఆలోచిస్తాను. విభూతి బుధవారం నాడు నుదుట పెట్టే బూడిద కిందటి ఏడాది మట్టల ఆదివారం (ఈస్టరుకు ముందు ఆదివారం) కొమ్మలను కాల్చి తీసినదే. నిరుడు హోసన్నా అంటూ పట్టుకున్న కొమ్మే ఈ ఏడాది బూడిదై నుదుటికి వస్తుంది. ఆ ఒక్కటి చాలు, నన్ను మోకాళ్ల మీదికి తీసుకురావడానికి.

గరివిడి_గని
ఆదివారం బడి పోలిక బాగుంది అక్కా. పెద్దాయన గారు దీనికి ఏమంటారు?

బొబ్బిలి_పెద్దాయన
ఆలోచిస్తున్నాను.

నిర్వాహకులు
చర్చ కోట కూడలి గారి ప్రశ్న మీదే సాగనివ్వండి. ఏ సంఘం సరైనదన్న వాదనకు వేరే చోటు ఉంది.

సాలూరు_సంత
చిన్న సందేహం. విభూతి బుధవారం నుంచి ఈస్టరు ముందు రోజు దాకా లెక్కపెడితే 46 రోజులు వస్తున్నాయి. నలభై అంటారేమిటి?

పాలకొండ_విచారణ
మధ్యలో వచ్చే ఆరు ఆదివారాలు లెక్కలోకి రావు. ప్రతి ఆదివారం పునరుత్థానాన్ని తలచుకునే రోజు కాబట్టి అది ఉపవాస దినం కాదు. ఈ ఏడాది ఈస్టరు ఏప్రిల్ 5.

నాగావళి_గాలి
అంటే ఆదివారం మా పిల్లిని ఇంటికి పిలవవచ్చు!

ఉద్దానం_నర్సు
మధ్యలో వస్తున్నందుకు ఏమీ అనుకోవద్దు, ఇది తప్పక చెప్పాలి. నేను పనిచేసేది పలాసలో, డయాలసిస్ విభాగంలో. కవిటి, సోంపేట, వజ్రపుకొత్తూరు వైపు కిడ్నీ జబ్బు ఎంత ఉందో అందరికీ తెలిసిందే. శ్రమదినాలు వచ్చాయంటే మాకు భయం. "దేవుని కోసం" అని మందులు మానేసేవారున్నారు. నీళ్లు కూడా ముట్టకుండా ఎండలో నడిచేవారున్నారు.

అంతకంటే ప్రమాదం ఉపవాసం విడిచేటప్పుడు. మన వైపు కొబ్బరి నీళ్లు, అరటిపండు ఇచ్చి ఉపవాసం విడిపిస్తారు. ఆరోగ్యవంతులకు మంచిదే. డయాలసిస్ మీద ఉన్నవారికి వాటిలోని పొటాషియం సరిగా బయటకు పోదు. రక్తంలో పేరుకుని గుండె లయ తప్పుతుంది, ప్రాణమే పోవచ్చు. ఖర్జూరం, పండ్ల రసాలు కూడా అంతే. ప్రేమతో ఇచ్చినా సరే, ఇవ్వకండి. మధుమేహానికి మాత్రలు, ఇన్సులిన్ తీసుకునేవారు డాక్టరును అడగకుండా పూట మానవద్దు. చక్కెర ఒక్కసారిగా పడిపోవచ్చు.

మా దగ్గర వారానికి రెండు మూడు సార్లు, ఒక్కోసారి నాలుగు గంటలు మంచం మీద కదలకుండా ఉండేవారున్నారు. తాగే నీళ్లు కూడా కొలిచి తాగుతారు. శ్రమదినాలు వాళ్లకు ఏడాదంతా ఉన్నాయి. వాళ్లలో ఒక పెద్దామె సూది గుచ్చించుకునేటప్పుడల్లా పక్క మంచం మీది మనిషి పేరు చెప్పి ప్రార్థిస్తుంది. నేను ఓర్పు నేర్చుకున్నది ఆమె దగ్గరే.

పలాస_జీడిపిక్క
అక్కా, కొబ్బరి నీళ్ల సంగతి మాకు తెలియదు. మా మేనమామ డయాలసిస్ మీదే ఉన్నారు. ఇప్పుడే ఇంటికి ఫోను చేస్తున్నాను.

పైడిభీమవరం_రాత్రిషిఫ్టు
నేను ఫార్మా కంపెనీలో పని చేస్తాను. షిఫ్టు వారం వారం మారుతుంది. తెల్లవారుజామున లేచి ప్రార్థన చేయమని చెప్పే ప్రసంగాలు నాలాంటివాళ్లకు ఉపయోగపడవు, ఆ వేళకు నేను ఇంకా యంత్రం దగ్గరే ఉంటాను. అందుకే వేళను కాకుండా చోటును పట్టుకున్నాను. కంపెనీ బస్సు ఎక్కగానే కిటికీ పక్క సీటు, ఒక కీర్తన. రాత్రయినా పగలైనా బస్సు తప్పదు కాబట్టి కీర్తనా తప్పదు. కొన్నిసార్లు చదువుతూనే నిద్రపోతాను. మరుసటి రోజు ఆగిన చోటు నుంచే మొదలు.

గజపతినగరం_గోగు
మాది గోగు పండించే ఇల్లు. కోసిన కట్టలను నీళ్లలో ఊరవేస్తాం. పైకి చూస్తే ఏమీ జరగనట్టే ఉంటుంది, పైగా వాసన. తొందరపడి ముందే తీస్తే నార పుల్లను వదలదు. కోట కూడలి గారు ఆపేయనా అంటే నాకు అదే గుర్తొచ్చింది. ఊరనివ్వండి.

రాజాం_వదిన
అందరూ బాగానే రాశారు. వంటింటి సంగతి ఎవరూ రాయలేదు.

ఇంట్లో ఆయన ఉపవాసం, పిల్లలకు మార్చిలో పరీక్షలు కాబట్టి వాళ్లకు వేళకు తిండి, అత్తగారికి మధుమేహం కాబట్టి ఆమెకు వేరే వంట. ఉపవాసం ఆయనది, మూడు రకాల వంట నాది. సాయంత్రం కూడికకు వచ్చేవాళ్లకు టీ నాది. చివరికి ప్రార్థనకు కూర్చునేసరికి నాకు మిగిలేది నడుము నొప్పి. కూడికలో "సహోదరీలు ఆత్మలో ఇంకా ఎదగాలి" అని విన్నప్పుడు కళ్లలో నీళ్లు తిరుగుతాయి.

ఈ ఏడాది ఇంట్లో ఒక మాట చెప్పాను. శుక్రవారం నాడు అందరికీ ఒకే వంట, అదీ గంజి, పచ్చడి. అత్తగారి వంతు నేను చూసుకుంటాను. అంట్లు ఉపవాసం ఉన్నవాళ్లే తోమాలి. ఆయన కాదనలేదు. పోయిన శుక్రవారం అంట్లు తోముతూ పాట పాడారు. ఆ పాట నాకు ప్రసంగం కంటే ఎక్కువ బలం ఇచ్చింది.

ఇంకొకటి. మా సంఘంలో ఆడవాళ్లం వండే ముందు ప్రతిసారీ ఒక గుప్పెడు బియ్యం వేరే డబ్బాలో వేస్తాం. ఆదివారం అన్నీ కలుపుతాం. మనసు ఎండినా, నిండినా గుప్పెడు గుప్పెడే. ఈ సంగతి నన్ను చాలా సంవత్సరాలుగా నిలబెడుతోంది. నా భక్తి ఎలా ఉందో ఆ బియ్యం తినేవాళ్లకు అక్కర్లేదు, వాళ్ల ఆకలి తీరుతోంది.

కోట కూడలీ, నువ్వు వయసులో నాకంటే చిన్నవాడివో చిన్నదానివో తెలియదు, చనువుగా అంటున్నాను. యెషయా 58వ అధ్యాయం తీసి చూడు. దేవుడు తనకు ఇష్టమైన ఉపవాసం ఏదో చెబుతూ ఆకలిగా ఉన్నవాడికి ఆహారం, బట్టలు లేనివాడికి బట్టలు అన్న తర్వాత చివర ఇంకో మాట కలిపాడు: రక్తసంబంధికి ముఖం తప్పించకుండా ఉండటం. మీ నాన్నగారి గురించి ప్రార్థన చేస్తున్నావు, మంచిదే. ఆయన ముందు ఎంతసేపు ఉంటున్నావు?

గరివిడి_గని
వదిన గారి ప్రశ్న నాకే తగిలింది. మా అన్నయ్యతో నాకు అలాగే ఉంది.

అరసవల్లి_పొరుగు
నేను క్రైస్తవుణ్ణి కాను, చాలాకాలంగా ఈ చర్చలు చదువుతుంటాను. ఏటా అయ్యప్ప దీక్ష తీసుకుంటాను, 41 రోజులు. మాకూ మధ్యలో విసుగు వస్తుంది. మమ్మల్ని నిలబెట్టేది నల్ల బట్టలు, మెడలో మాల, సాయంత్రం భజన. వీధిలో అందరూ "స్వామీ" అని పిలుస్తుంటే మాట తూలడానికి నోరు రాదు. మీరు ఉపవాసాన్ని రహస్యంగా ఉంచాలంటారు కదా, మరి ఒంటరిగా ఎలా నిలబడతారు?

చీపురుపల్లి_మాస్టారు
చాలా మంచి ప్రశ్న స్వామీ. మత్తయి 6వ అధ్యాయంలో ప్రభువు వద్దన్నది మనుషులకు కనబడాలని ముఖం వికారం చేసుకోవడాన్ని. తలకు నూనె రాసుకో, ముఖం కడుక్కో అన్నాడు. తోడు వద్దని అనలేదు. గెత్సెమనే తోటలో తానే ముగ్గురు శిష్యులను వెంట తీసుకుని, నాతో కూడ మెలకువగా ఉండండని అడిగాడు. వాళ్లు నిద్రపోయారు, అది వేరే సంగతి. పదిమంది ముందు చెప్పుకోవడం వేరు, ఒక్కరికి చెప్పి పట్టుకోమనడం వేరు. మీ గురుస్వామిలాంటి మనిషి ఒకరు మాకూ కావాలి.

పార్వతీపురం_పిల్ల
మా పక్క వీధిలో ముస్లిం స్నేహితురాలు ఉంది. ఈ ఏడాది రంజాన్ కూడా అదే వారంలో మొదలైంది. తను సహరీకి (తెల్లవారకముందు తినే భోజనానికి) లేచినప్పుడు నాకు ఒక మిస్డ్ కాల్ ఇస్తుంది, నేను లేచి బైబిలు తీస్తాను. తను ఒక్కరోజు కూడా మరవలేదు.

పాలకొండ_విచారణ
ఎంత బాగుందమ్మా!

కోట కూడలి గారి "ఆపేయనా" అన్న మాట మీద ఒకటి చెప్పాలి. 16వ శతాబ్దంలో యేసు సభను స్థాపించిన ఇగ్నేషియస్ లొయోలా ఆత్మసాధన చేసేవారికి ఒక నియమం పెట్టారు. మనసు ఎండిపోయి ఉన్నప్పుడు ఏ నిర్ణయమూ మార్చవద్దు. మనసు నిండుగా ఉన్నప్పుడు తీసుకున్న నిర్ణయం మీదే గట్టిగా ఉండు. ప్రార్థనకు గంట పెట్టుకుంటే, అటువంటి రోజున గంట దాటి ఇంకాస్త ఉండమన్నారు, తగ్గించవద్దన్నారు. మొదటి వారంలో తెల్లవారుజామున లేవాలనుకున్న మనిషి మాట వినండి, మూడో వారంలో ఆపేద్దామనే మనిషి మాట వద్దు.

కలకత్తా మదర్ థెరిసా ఉత్తరాలు 2007లో అచ్చయ్యాయి. దశాబ్దాల పాటు ప్రార్థనలో తనకు దేవుని సన్నిధి తెలియలేదని ఆమె రాసుకున్నారు. ఆ సంవత్సరాలన్నీ ఆమె వీధుల్లో ఉన్నవాళ్లను ఎత్తుకొచ్చి సేవ చేస్తూనే ఉన్నారు.

బొబ్బిలి_పెద్దాయన
గంట దాటి ఉండమనడం అందరికీ సరిపోదు. పలాస నుంచి రాసిన బిడ్డ అలసటతో మోకాళ్ల మీదే నిద్రపోతోంది. ఆమెకు రాజుల మొదటి గ్రంథం 19వ అధ్యాయం చెబుతాను. ఏలీయా ప్రవక్త అరణ్యంలో బదరీ వృక్షం కింద పడిపోయి, ఇక చాలు ప్రభువా, చనిపోనివ్వు అన్నాడు. దేవదూత వచ్చి గద్దించలేదు, ప్రసంగం చేయలేదు. నిప్పుల మీద కాల్చిన రొట్టె, నీళ్లు పెట్టి తినమన్నాడు. ఏలీయా తిని మళ్లీ పడుకున్నాడు. దూత రెండోసారి లేపి మళ్లీ తినమన్నాడు, నీ శక్తికి మించిన ప్రయాణం ఉందన్నాడు. ఆ తిండి బలంతోనే నలభై పగళ్లు, నలభై రాత్రులు హోరేబు కొండ దాకా నడిచాడు. బైబిల్లోని ఈ నలభై రోజులు భోజనంతో, నిద్రతో మొదలయ్యాయి. పలాస బిడ్డా, నువ్వు తిని పడుకో. మెలకువ వచ్చినప్పుడు ప్రార్థన చేసుకో.

ఆదివారం బడి మాట గురించి: దానికి నా దగ్గర ఎదురు జవాబు లేదు. కూడికలు ఉండనివ్వండి. పూటల లెక్క మాత్రం పోవాలి.

పలాస_జీడిపిక్క
తాతగారూ, ఈ రోజు అలాగే చేస్తాను. మేనమామతో మాట్లాడాను, కొబ్బరి నీళ్లు ఆపేశారు.

కోట_కూడలి
అన్నీ రెండేసి సార్లు చదివాను. ఆపడం లేదు. మాస్టారు చెప్పినట్టు పెద్ద ప్రార్థన బదులు ఒక్క కీర్తన పట్టుకుంటాను.

వదినా, మీ ప్రశ్నకు జవాబు నాకు తెలుసు: అసలు ఉండటం లేదు. నాన్న వరండాలో ఉంటే నేను పెరటి దారిన వెళ్తాను. నిన్న సాయంత్రం ఆయన మందుల చీటీ తీసుకుని గంటస్తంభం దగ్గర కొట్టుకు వెళ్లి తెచ్చిచ్చాను. "ఎంతయింది?" అని అడిగారు. చెప్పాను. అంతకు మించి మాటలు కలవలేదు. మార్చి 19న ఉగాదికి మా బాబాయి కుటుంబం పచ్చడికి పిలిచింది, వాళ్లు హిందువులు. నాన్నను నేనే తీసుకువెళ్దామనుకుంటున్నాను.

రాజాం_వదిన
తీసుకువెళ్లు. దారిలో మాట్లాడకపోయినా పరవాలేదు, ఒకే ఆటోలో వెళ్లండి.

గరివిడి_గని
కోట కూడలి గారూ, నేను మీకు దగ్గరలోనే ఉంటాను. మాస్టారు అన్న ఆ ఒక్క మనిషి మీకు నేను, నాకు మీరు. రోజూ రాత్రి "చదివాను" లేదా "చదవలేదు", ఈ రెంటిలో ఒక మాట పంపుకుందాం. వివరణలు అక్కర్లేదు.

కోట_కూడలి
సరే. ఈ రాత్రి నుంచే.

ఉద్దానం_నర్సు
రాజాం వదినా, మీ గుప్పెడు బియ్యం ఎక్కడికి వెళ్తుంది? మా దగ్గరికి రోగులతో పాటు వచ్చే తోడువాళ్లు ఊళ్ల నుంచి పొద్దున్నే బయలుదేరి సాయంత్రం దాకా ఏమీ తినకుండా కూర్చుంటారు. వాళ్లకు ఒక పూట అన్నం దొరికితే చాలా మేలు.

రాజాం_వదిన
ఇన్నాళ్లూ మా ఊళ్లోనే ముసలివాళ్లకు ఇస్తున్నాం. ఈ ఆదివారం ఆరాధన అయ్యాక సంఘంలో అడుగుతాను, ఒక వారం వంతు మీ వైపు పంపడానికి ఎవరూ కాదనరు. బియ్యంతో పాటు కందిపప్పు తేవచ్చా? పండ్లు తేనులే, గుర్తుంది.

ఉద్దానం_నర్సు
తోడువాళ్లకు పప్పు తేవచ్చు. రోగులకు మాత్రం ఏమీ ఇవ్వకండి, వాళ్ల తిండి మేం చూసుకుంటాం. శనివారాలు మా దగ్గర రద్దీ ఎక్కువ, ఆ రోజుకు అందేలా చూడండి.

భావనపాడు_తెరచాప
టెక్కలి దాకా ఎవరైనా తెస్తే అక్కడి నుంచి పలాసకు నేను చేరవేస్తాను. శనివారం మా బండి ఎలాగూ అటే వెళ్తుంది.